లైటు పక్క చేమంతి ఎందుకు పూయలేదు?

ఒకే కుండీ, ఒకే మట్టి, ఒకే చేమంతి. గోడ వైపున్న కొమ్మలు విరగబూశాయి. వరండా లైటు వైపున్న కొమ్మలు మాత్రం ఆకులేసుకుంటూ పోతున్నాయి, ఒక్క మొగ్గ లేదు. ఏ ఎరువు వేయాలి అని ఒక పాఠకురాలు ఫొటో పంపి అడిగారు. ఎరువు సంగతి తర్వాత, ఆ లైటు రాత్రి ఎన్నింటి దాకా వెలుగుతుందండీ అంటే, తెల్లవార్లూ అన్నారు. దొంగ దొరికాడు.

ఇంట్లో మొక్కలు పెంచేవాళ్లు ఎండ గురించి పడే టెన్షన్‌లో పదో వంతు కూడా చీకటి గురించి పడరు. చేమంతి పూతకు రావాలా వద్దా అని తేల్చుకునేది ముఖ్యంగా రాత్రి ఎంతసేపుందో చూసి. చలిని నమ్ముకుంటే ఒక ఏడాది ముందే వచ్చేస్తుంది, ఇంకో ఏడాది రానే రాదు, వాన సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రి నిడివి అలా కాదు. ఫలానా చోట ఫలానా తేదీన ఎంత ఉండాలో ఏటా అంతే ఉంటుంది. అయితే ఈ లెక్క కట్టడం తేలికేం కాదు. భూమధ్యరేఖ దగ్గర రాత్రీ పగలూ ఏడాదంతా దాదాపు సమానం. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అంటే మన హైదరాబాద్ చుట్టుపక్కల, పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో సుమారు 13, అంటే ఏడాది మొత్తానికి తేడా రెండు గంటలే. అది కూడా ఎక్కువలో ఎక్కువ వారానికి ఏడెనిమిది నిమిషాల చొప్పున మారుతుంది. గడియారం చూసుకోకపోతే మనకు ఆ తేడా పట్టుబడదు. వరి మొక్కలో మాత్రం పగటి నిడివి అరగంట మారితే చాలు, పూతను రప్పించే జన్యువు పనిచేయడమో మానేయడమో జరుగుతుందని తేలింది.

దీన్ని మొదట గట్టిగా పట్టుకున్నది గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు, అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసేవాళ్లు. వాళ్ల దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఉండేది. వేసవంతా మూడు మీటర్ల ఎత్తుకు పెరిగి ఆకులు వేస్తూనే ఉండేది గానీ పూసేది కాదు, శీతాకాలంలో గ్రీన్‌హౌస్‌లో పెడితే బుడ్డ మొక్కగా ఉండగానే పూసేది. వేడి, తేమ, పోషకాలు అన్నీ మార్చి చూశారు, లాభం లేకపోయింది. చివరికి నడి వేసవిలో సాయంత్రం నాలుగింటికే కుండీల్ని చీకటి షెడ్డులోకి తోసి, మర్నాడు పొద్దున బయటికి తెచ్చారు. అంతే, పూసింది. వాళ్ల సోయాచిక్కుడు ఇంకా తమాషా: వారాల తేడాతో విడతలు విడతలుగా విత్తినా, అన్నీ దాదాపు ఒకేసారి పూతకొచ్చాయి. ఇదంతా 1920లో అచ్చయింది. మన బడుల్లో ఈ పాఠం అంటే ఏ మొక్క పొడుగు రాత్రులకు పూస్తుందో, ఏది పొట్టి రాత్రులకు పూస్తుందో జాబితా బట్టీ పట్టించడం. ఒక కుండీకి నల్లగుడ్డ కప్పి చూపించడానికి అయ్యే ఖర్చెంత చెప్పండి!

సరే, మొక్క కొలిచేది పగటినా రాత్రినా? 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మరులమాతంగి మీద తేల్చారు. బట్టలకు అంటుకునే ముళ్లకాయల కలుపు మొక్క అది. ఎనిమిదిన్నర గంటలకు మించిన రాత్రి ఒక్కటి దొరికితే చాలు, పూతకొస్తుంది. పగలు మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి చీమ కుట్టినట్టయినా లేదు. అదే పొడుగు రాత్రి నడిమధ్యలో కొన్ని నిమిషాలు దీపం పెడితే పూత ఆగిపోయింది. మొత్తం చీకటి ఎన్ని గంటలన్నది కాదు, తెగకుండా ఎన్ని గంటలున్నదీ దానికి ముఖ్యం. చేమంతి మరీ అంత సున్నితం కాదు, ఒక్క రాత్రి కొన్ని నిమిషాల వెలుగుతో దాని పూత ఆగదు. పూలు ఆలస్యంగా కావాలనుకున్న రైతులు రోజూ అర్ధరాత్రి రెండు నుంచి నాలుగు గంటలు బల్బులు వేసి ఆపుతారు. తెల్లవార్లూ వెలిగే వరండా లైటుకు ఆ పని చిటికెలో పని.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. ఆకులో ఫైటోక్రోమ్ అనే నీలాకుపచ్చ ప్రోటీను ఉంటుంది. దానికి రెండు రూపాలు. 660 నానోమీటర్ల దగ్గరి ఎర్రకాంతి తగిలితే పీఆర్ అనే రూపం పీఎఫ్ఆర్‌గా మారుతుంది. 730 దగ్గరి ముదురెరుపు కాంతి తగిలితే, అంటే మన కంటికి ఆనీ ఆనని ఎరుపు, తిరిగి పీఆర్ అయిపోతుంది. అచ్చం గోడ మీది స్విచ్చు. ఎన్నిసార్లు వేశావు, ఎన్నిసార్లు ఆర్పావు అన్నది దానికి అక్కర్లేదు, ఆఖర్న ఎలా వదిలావన్నదే లెక్క. 1952లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ అనే సలాడ్ ఆకు విత్తనాల మీద ఎర్రకాంతి, ముదురెరుపు మార్చి మార్చి వేశారు. చివర పడింది ఎరుపయితే విత్తనం మొలిచింది, ముదురెరుపయితే పడుకుంది. మరులమాతంగిలోనూ ఇంతే, నడిరాత్రి ఎర్రకాంతి చెడగొట్టిన పూతను, వెంటనే ముదురెరుపు వేసి వెనక్కి తెచ్చారు. ఆ ప్రోటీను మొక్కలోంచి బయటపడింది 1959లో. తెల్లటి ఎల్ఈడీ చూడ్డానికి తెలుపే కానీ అందులో ఎరుపు ఉంది, ముదురెరుపు దాదాపు లేదు. కాబట్టి ఆ స్విచ్చును ఒకవైపుకే, పూతను ఆపే పీఎఫ్ఆర్ వైపుకే నొక్కుతుంది.

పగలు పోగైన పీఎఫ్ఆర్ చీకట్లో మెల్లగా కరిగిపోతుంది కదా, అది అయిపోయేసరికి ఎంత రాత్రి గడిచిందో మొక్కకు తెలిసిపోతుందేమో అని మొదట అనుకున్నారు. చక్కటి ఊహే, నిలబడలేదు. కొన్ని గంటల్లోనే అది చాలావరకు మాయమవుతుంది, మరి మిగతా రాత్రిని కొలిచేదెవరు? ఇంకొకటుంది. సోయాచిక్కుడుకు 8 గంటల వెలుతురు ఇచ్చి, ఆపైన ఏకధాటిగా 64 గంటలు చీకట్లో ఉంచి, ఆ చీకట్లో ఒక్కో మొక్కకు ఒక్కో సమయంలో దీపం చూపించారు. ఒక సమయంలో వేస్తే పూత తగ్గింది, ఇంకో సమయంలో వేస్తే పెరిగింది, ఇలా దాదాపు 24 గంటలకోసారి తరంగంలా వచ్చింది. అంటే బయట సూర్యుడు లేకపోయినా లోపల ఒక గడియారం తిరుగుతూనే ఉంది, ఆ గడియారం ఫలానా ఘడియలో ఉన్నప్పుడు వెలుగు పడిందా లేదా అన్నదే ప్రశ్న. ఎర్విన్ బ్యూనింగ్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1936లోనే ఈ మాట అంటే చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతకీ సగం మొక్కే ఎందుకు పూసింది? 1930ల్లో రష్యాలో చైలఖ్యాన్ అనే శాస్త్రవేత్త సరిగ్గా చేమంతి మీదే చూశాడు. పై కొమ్మలకు ఆకులు తీసేసి, కింది ఆకులకు మాత్రం పొడుగు రాత్రులు చూపిస్తే, పైన ఆకుల్లేని చివర్లలో పూలొచ్చాయి. కొమ్మ చివరకు మాత్రం చీకటి చూపించి ఆకుల్ని వెలుగులో ఉంచితే రాలేదు. అంటే రాత్రిని చూసేది ఆకు, పూసేది కొమ్మ చివర, మధ్యలో ఏదో కబురు నడుస్తోంది. ఆ కబురుకు ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అప్పట్లో స్టాలిన్ అండతో సోవియట్ జీవశాస్త్రాన్ని శాసించిన లైసెంకో మనుషుల చేతిలో నానా తిప్పలు పడ్డాడు, ఉద్యోగం కూడా ఊడింది. 1991లో పోయేనాటికి కూడా ఆ పదార్థం ఎవరి చేతికీ చిక్కలేదు. 2007లో ఎఫ్‌టీ అనే చిన్న ప్రోటీను ఆకులో పుట్టి, పోషక నాళాల వెంట కొమ్మ చివరికి చేరి పూతను మొదలుపెడుతుందని తేలింది. ఇక 2013లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక అడవి చేమంతిలో దీనికి సరిగ్గా ఎదురుపని చేసే ప్రోటీనును పట్టుకున్నారు. రాత్రి మధ్యలో వెలుగు పడితే ఆకు దాన్ని తయారుచేసి, పూయొద్దు అని కొమ్మ చివరికి కబురంపుతుంది. లైటు వైపు ఆకులు పంపుతున్నది ఆ కబురే. గోడ చాటు ఆకులకు చీకటి దొరికింది కాబట్టి అటువైపు పూసింది.

కూరపాదుల్లోనూ ఇదే గొడవ. పాతకాలపు పందిరి చిక్కుడును తొలకరికి విత్తితే నెలల తరబడి తీగే తీగ, గుత్తి కనిపించదు. మగపాదు అయ్యుంటుంది పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు తయారవుతారు. చిక్కుడులో మగా ఆడా వేరుగా ఉండవు, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి. రాత్రులు పొడుగయ్యే దాకా దానికి పూయాలనే బుద్ధి పుట్టదు, అంతే. ఆ టైములో యూరియా వేస్తే ఇంకాస్త తీగ వస్తుంది. గోంగూర కూడా పొడుగు రాత్రులకు పూసేదే, ఆలస్యంగా విత్తితే జానెడు ఎత్తుకే పూతకొచ్చి కూర్చుంటుంది. పాలకూర తిరగేసి, పగళ్లు పెరిగే కొద్దీ కాడ వేస్తుంది. టమాటా, వంగ ఈ లెక్కలు పట్టించుకోవు, టమాటా పూత వేసవిలో రాలేది రాత్రి వేడికి. సొర, దోసల్లో పగళ్లు పొడుగై వేడిగా ఉంటే మగపూలు ఎక్కువ వస్తాయి, చల్లబడితే ఆడపూలు పెరుగుతాయి. పిందెకు వేలు చూపిస్తే కుళ్లిపోతుందంటారు, వేలు చూపకుండా ఉన్నవీ కుళ్లుతాయి. ఆడపువ్వు వెనక పిందె ముందే ఉంటుంది కదా, పుప్పొడి అందకపోతే నాలుగు రోజులకు కొన పసుపెక్కి రాలిపోతుంది. సొర సాయంత్రం విచ్చుతుంది కాబట్టి మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు నడిమికి అద్దాల్సింది కూడా సాయంత్రమే.

లైటు ఆర్పడం కుదరకపోతే చేమంతికి రోజూ సాయంత్రం అయిదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా మందపాటి నల్లగుడ్డ రెండు పొరలు కప్పండి. గుడ్డ కింద చెయ్యి పెడితే వెచ్చగా తగలకూడదు, మరీ వేడెక్కితే మొగ్గ వెనకబడుతుంది. మధ్యలో మానేయకూడదు. రకాన్ని బట్టి ఏడెనిమిది వారాల నుంచి పది పన్నెండు వారాల్లో పూలొస్తాయి. మొగ్గలో రంగు కనబడ్డాక గుడ్డ తీసేయొచ్చు. చిక్కుడు పందిరికి గుడ్డ కప్పడం ఎవరి వల్లా కాదు. తీగకు దీపం ఎదురుగా ఉంటే పందిరిని ఇంటి వెనక్కి మార్చుకోవాలి, లేదంటే రాత్రి నిడివితో పనిలేని పొట్టి గుబురు రకం విత్తనం వేసుకోవాలి.