ఏడుపు రానివాళ్ల పాట

నెల్లూరులో మా మేనమామ కొడుకు ఇంటర్ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చాడంటే చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీయడు. మొన్న అత్త ఒకటి లాగి తన చెవిలో పెట్టుకుంది. "ఏందబ్బయా ఇది, లారీకి గేరు పడనట్టుంది!" అంది.

అత్త సరిగ్గానే పట్టింది. వాడు వినే హెవీ మెటల్, అంటే గిటార్లు హోరెత్తే రాక్ సంగీతం, పుట్టింది ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీల ఊరు బర్మింగ్‌హామ్‌లోనే. 17 ఏళ్ల టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పని మానేస్తున్న ఆఖరి రోజున మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, గిటార్ తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు కూడా తగ్గించాడు. దాంతో స్వరం ఇంకా బరువెక్కింది.

అతని బ్యాండ్ బ్లాక్ సబ్బత్ 1970లో 'పారనాయిడ్' పాట తెచ్చింది. రాసింది బేస్ గిటారిస్టు గీజర్ బట్లర్. అప్పట్లో తనకున్న డిప్రెషనే అందులో ఉందని తర్వాత చెప్పాడు. ఆ పాటలో మనిషి బాధగా ఉందని మొత్తుకోడు. సంతోషం తనదాకా రావడం లేదంటాడు, అంతే.

దుఃఖం మనకి కొత్తేం కాదు. భారతంలో ఆడవాళ్లు యుద్ధంలో పోయినవాళ్ల కోసం ఏడ్చే స్త్రీపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన నెల్లూరు వాడే. మన చావు ఇళ్లలో శోకాలు పెట్టి ఏడుస్తారు. ఎవరైనా కళ్లు తడవకుండా కూర్చుంటే మాత్రం పెద్దవాళ్లు కంగారు పడతారు: "రాయైపోయింది, ఎట్టాగైనా ఏడిపించండి" అని. ఆ రాయైపోయిన మనిషి తనే నోరు తెరిస్తే ఎలా ఉంటుందో, నా లెక్కలో మెటల్ అదే.

1984లో మెటాలికా అనే బ్యాండ్ 'ఫేడ్ టు బ్లాక్'లో బతకాలన్న కోరికే ఆరిపోవడాన్ని పాడింది. ఇలాంటి పాటల మీద అమెరికాలో కేసులు కూడా నడిచాయి. ఇద్దరు కుర్రాళ్లు తుపాకీతో కాల్చుకోవడానికి జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండ్ రికార్డే కారణమని వేసిన దావాను 1990లో రీనో కోర్టు కొట్టేసింది.

మన హాస్టళ్ల పిల్లలకి దగ్గరైంది మాత్రం 2003 నాటి లింకిన్ పార్క్ పాట, 'నంబ్'. పేరుకి అర్థమే తిమ్మిరెక్కడం, మొద్దుబారడం. (అది మెటలే కాదని పాత అభిమానులు కొట్లాడతారు, ఆ తగవు మనకెందుకు.) పాడిన చెస్టర్ బెన్నింగ్టన్ 2017లో ఆత్మహత్య చేసుకున్నాడు. పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ర్యాంకుల టెన్షన్‌లో ఉండేవాడికి ఆ పాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

అత్తకి మాత్రం చెప్పాల్సొచ్చింది. "ఏమంటాడ్రా వాడు?" అని అడిగింది.

"వాళ్లు కోరినట్టు ఉండలేక అలిసిపోయాడంట మా."

పాట అయిపోయేదాకా అత్త ఆ ఇయర్‌ఫోన్ తిరిగివ్వలేదు.