ఎఫ్/0.95 దగ్గర మిల్లీమీటర్ల లెక్క

1961లో కెనాన్ సంస్థ ‘కెనాన్ 7’ అనే రేంజ్‌ఫైండర్ కెమెరాతో (లెన్సులోంచి కాక వేరే కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే రకం) పాటు 50 మి.మీ. ఎఫ్/0.95 లెన్స్‌ను బజారులోకి తెచ్చింది. డబ్బు పెట్టి ఎవరైనా కొనుక్కోగల స్టిల్ కెమెరా లెన్సుల్లో అంత వెడల్పు అపర్చర్ (వెలుగు దూరే ద్వారం; ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ అది వెడల్పవుతుంది) అప్పటికి మరి దేనికీ లేదు. జపాన్ కంపెనీల మధ్య ఈ పోటీ అంతకుముందే మొదలైంది: 1953లో జునో ఎఫ్/1.1, 1956లో నిక్కోర్ ఎఫ్/1.1 వచ్చాయి. మనిషి కంటికన్నా నాలుగు రెట్లు ప్రకాశవంతమంటూ కెనాన్ ప్రకటనలిచ్చింది. కంటిపాపకు ఎఫ్ నంబరు కట్టడమే ఉజ్జాయింపు వ్యవహారం కాబట్టి ఆ మాటను ప్రకటనగానే తీసుకోవాలి. ఇప్పుడు దీన్ని ‘డ్రీమ్ లెన్స్’ అంటున్నారు, మౌంటు (లెన్సును కెమెరాకు బిగించే భాగం) మార్పించి లైకా కంపెనీ డిజిటల్ ఎం కెమెరాల మీద వాడుతున్నారు.

వెలుగు కోసమే అయితే ఈ రోజుల్లో దీని అవసరం పెద్దగా లేదు. ఎఫ్/2తో పోలిస్తే ఎఫ్/0.95 దాదాపు 4.4 రెట్ల వెలుగునిస్తుంది. అంటే ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200 పెట్టాల్సిన చోట 720తో సరిపోతుంది. ఐఎస్‌ఓ 2500తోనే ఆగిపోయే లైకా ఎం9 లాంటి పాత బాడీకి ఇది లాభమే. కొత్త సెన్సర్లకు 3200 ఒక లెక్క కాదు. కాబట్టి దీన్ని కొనేవాళ్లు కొంటున్నది ఆ బొమ్మ తీరును: కళ్లు మాత్రం స్పష్టంగా, చెవుల దగ్గరికి వచ్చేసరికే కరిగిపోయే ముఖం, వెలుగు చుక్కల చుట్టూ పాల మీగడలాంటి తెలుపు. ఆ తీరు చేతికి రావాలంటే రేంజ్‌ఫైండర్‌లోని ప్రతి చిన్న తప్పునూ విడివిడిగా లెక్కేసుకోవాలి. మామూలు లెన్సు క్షమించే తప్పును ఇది క్షమించదు.

ముందు లెన్సు కట్టుబడి. 50ని 0.95తో భాగిస్తే 52.6 మి.మీ. ముందు నుంచి చూస్తే వెలుగు దూరే ద్వారం అంత వెడల్పన్నమాట. ఎఫ్/1.4కు అది దాదాపు 36 మి.మీ. మాత్రమే. అప్పటి రేంజ్‌ఫైండర్లకు సాధారణంగా ఉన్న 39 మి.మీ. మరలో (స్క్రూ మౌంటులో) ఇంత లావు వెనక గాజు పట్టదు. అందుకే కెనాన్ 7లో ఆ మర చుట్టూ, బయటి వైపు ఒక బయొనెట్ (కొద్దిగా తిప్పితే బిగుసుకునే మౌంటు) పెట్టారు. ఎఫ్/0.95 దాని మీదే కూర్చుంటుంది. అయినా చోటు చాలలేదు. కెమెరా లోపలి రేంజ్‌ఫైండర్ లివర్‌కు దారివ్వడానికి వెనక గాజు అంచును ఒక పక్క కోయాల్సి వచ్చింది. చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే ఆ కోత కనిపిస్తుంది. అది దెబ్బ కాదు, తయారీలోనే అలా ఉంది. మొత్తం 5 గుంపుల్లో 7 గాజులు, 10 అపర్చర్ బ్లేడులు, 72 మి.మీ. ఫిల్టర్ మర, దగ్గరి ఫోకస్ 1 మీటరు, బరువు 605 గ్రాములు. ఎం9 బాడీ కన్నా లెన్సే బరువు. బరువంతా ఎడమ అరచేతిలో పడాలి, కుడి చేయి షట్టర్ నొక్కడానికే.

బయటి బయొనెట్ కావడంతో, పాత మర లెన్సులను లైకా ఎంకు తగిలించే 1 మి.మీ. రింగు ఇక్కడ పనికిరాదు. మెకానిక్ వెనక భాగాన్ని విప్పి, బయొనెట్ తీసేసి, ఎం బయొనెట్ బిగించాలి. ఎం మౌంటు నుంచి సెన్సర్‌కు దూరం 27.80 మి.మీ., పాత మరకు 28.80. ఆ 1 మి.మీ. తేడాలోనే పనంతా సర్దాలి. కొనేటప్పుడు ఇంకో సంగతి అడిగి తెలుసుకోవాలి. ఇదే లెన్సుకు టీవీ, సినిమా కెమెరాల కోసం చేసిన రూపం ఒకటుంది, దానికి రేంజ్‌ఫైండర్ కప్లింగ్ (లెన్సు రింగు కదలికను కెమెరా రేంజ్‌ఫైండర్‌కు చేర్చే ఏర్పాటు) ఉండదు. దాన్ని ఎం మౌంటుకు మార్చినా, కప్లింగ్ కొత్తగా అమర్చకపోతే వ్యూఫైండర్‌లోంచి ఫోకస్ చేయడం కుదరదు. లైవ్ వ్యూ (సెన్సర్ మీది బొమ్మను వెనక తెర మీద చూపడం) లేని ఎం8, ఎం9 వాళ్లకు అలాంటిది దండగ.

మౌంటు మార్చేటప్పుడు ఎంత తప్పు వరకు చెల్లుతుంది? లెన్సు వెనక, సెన్సర్ దగ్గర స్పష్టత నిలిచే లోతు అపర్చర్ నంబరును అనుమతించే మసక చుక్క వ్యాసంతో గుణిస్తే వస్తుంది. ఫిలిం నాటి 0.03 మి.మీ. చుక్కతో అటూ ఇటూ 0.03 మి.మీ. కంటే కాస్త తక్కువ. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్‌ను తెర మీద పెద్దది చేసి చూసేవాళ్లకు చుక్క 0.015 అనుకుంటే, 0.014 మి.మీ. మాత్రమే. మౌంటు కింద వేసే పల్చటి షిమ్ రింగులను ఆ మేరకు సరిచూడలేని మెకానిక్ చేతిలో ఈ లెన్సు పెట్టకపోవడం మంచిది.

ఇక బయటి వైపు. 1 మీటరు దూరంలో, ఎఫ్/0.95 దగ్గర మొత్తం డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (స్పష్టంగా కనిపించే లోతు) పాత 0.03 కొలతతో సుమారు 22 మి.మీ., కఠినమైన 0.015 కొలతతో 11 మి.మీ. 2 మీటర్ల దగ్గర అవి దాదాపు 9 సెం.మీ., 4.5 సెం.మీ. అవుతాయి. రేంజ్‌ఫైండర్ లెన్సులోంచి చూడదు. రెండు కిటికీల్లోంచి వచ్చే రెండు బొమ్మలను మధ్యలోని చిన్న గడిలో ఒకదాని మీద ఒకటి పడేలా మనం కలుపుతాం. ఎం9, ఎం240ల్లో ఆ కిటికీల మధ్య దూరం 69.25 మి.మీ., వ్యూఫైండర్ మ్యాగ్నిఫికేషన్ 0.68. రెండూ గుణిస్తే పనికొచ్చే బేస్ 47.1 మి.మీ. ఎం10లో మ్యాగ్నిఫికేషన్ 0.73 కాబట్టి అది 50.6కు పెరిగింది.

బొమ్మలు కలిశాయో లేదో చెప్పడంలో కన్ను ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు, తప్పు చేసిందనుకుందాం. 47.1 బేస్‌తో 1 మీటరు దగ్గర అది సుమారు 6 మి.మీ. ఫోకస్ తప్పు. కఠినమైన కొలతలో మనకు అటో ఇటో చెల్లేది 5.4 మి.మీ. మాత్రమే. దూరం పెరిగితే ఫరవాలేదనుకోవడానికీ లేదు. డెప్త్ ఆఫ్ ఫీల్డూ, రేంజ్‌ఫైండర్ తప్పూ రెండూ దూరం వర్గంతో పెరుగుతాయి కాబట్టి నిష్పత్తి మారదు. ఐపీస్‌కు 1.25 రెట్ల మ్యాగ్నిఫయర్ బిగిస్తే బేస్ దాదాపు 59కి చేరి, తప్పు 5 మి.మీ.కు దిగుతుంది. ఎం9, ఎం240లతో ఈ లెన్సు వాడేవారికి ఫిల్టర్ కన్నా ముందు కొనాల్సింది ఈ మ్యాగ్నిఫయరే. మంచి వెలుతురులో, నిలువు గీతలున్న చోట చాలామంది కళ్లు ఇంతకన్నా బాగానే చూస్తాయి. చీకట్లో మాత్రం తేలిపోతాయి. ఈ లెన్సు తీసేదేమో చీకట్లోనే.

దీని మీద మనిషి చేసే తప్పు తోడవుతుంది. గడి ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. కంటి మీద ఫోకస్ చేసి, ముఖాన్ని ఫ్రేములో పక్కకు జరపడానికి కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే, ఫోకస్ తలం కూడా తిరిగి ఆ కన్నును దాటి వెనక్కి పోతుంది. 1 మీటరు దగ్గర ఆ తేడా 34 మి.మీ. కంటి మీద పెట్టిన ఫోకస్ కణత వైపు పోతుంది. 10 డిగ్రీలకైనా 15 మి.మీ. పోతుంది. తిప్పిన తరువాత ఒళ్లు రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి వాల్చడం తెలిసినవాళ్లు చేసే పని. అంతకన్నా నమ్మకమైనది కెమెరాను తిప్పకుండా, ఒక అడుగు పక్కకు వేసి సమాంతరంగా జరపడం. నిలబడ్డ మనిషి ఊగిసలాటే సెంటీమీటరు దాకా ఉంటుంది, కాబట్టి మోచేతులు ఒంటికి ఆనించి మూడు నాలుగు ఫ్రేములు వరసగా తీసి ఒకటి ఏరుకోవాలి. లావుపాటి లెన్సు వ్యూఫైండర్ ఫ్రేము కింది కుడి మూలను కప్పేస్తుంది, అక్కడ ఏముందో ముందే చూసుకోవాలి.

లెన్సును పరీక్షించడానికి ట్రైపాడ్, స్కేలు, నిలువు గీతలున్న ఏదైనా పెట్టె చాలు. పెట్టెను 1 మీటరులో నిలబెట్టి, దాని పక్కన స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టండి. అనంతం నుంచి ఒకే దిశలో రింగు తిప్పుతూ గడిలో బొమ్మలు కలిపి, ఎఫ్/0.95లో తీయండి. ప్రతిసారీ రింగు వెనక్కి తిప్పి మళ్లీ కలుపుతూ కనీసం అయిదు తీస్తే కంటి తప్పు, యంత్రం తప్పు విడిపోతాయి. స్కేలు మీద 10 మి.మీ. జరిగితే అసలు లోతులో 7 మి.మీ. జరిగినట్టు. ఫోకస్ పడిన చోటు ప్రతిసారీ మారుతుంటే తప్పు కంటిది. అన్నీ ఒకే పక్కకు పోతుంటే ఇంకో ఎం లెన్సుతో చూడండి. అదీ అటే పోతే కెమెరా రేంజ్‌ఫైండర్ సరిచేయించాలి. ఇది మాత్రమే పోతే లెన్సుదే లోపం. అప్పుడు ఎం240 లేదా తరువాతి బాడీలో లైవ్ వ్యూ పెట్టి దూరపు సెల్ టవర్‌ను చూడాలి. రింగు అనంతం దగ్గర ఆగినా టవర్ స్పష్టంగా లేకపోతే షిమ్ తప్పు. అక్కడ సరిగ్గా ఉండి గడి మాత్రం అబద్ధం చెబుతుంటే కప్లింగ్ తప్పు. ఈ రెంటినీ కలగాపులగం చేసి, షిమ్ మార్చి కప్లింగ్ లోపాన్ని సర్దబోయే మెకానిక్ చేతిలో పడితే లెన్సు రెండు విధాలా చెడుతుంది.

అదే పరీక్షను ఎఫ్/1.4, 2, 2.8లలోనూ చేయాలి. గాజు అంచుల గుండా వచ్చే కిరణాలు మధ్య కిరణాల కన్నా ముందే కలిసిపోవడాన్ని గోళీయ విపథనం అంటారు. ఆ మీగడ తెలుపు దాని పుణ్యమే. అపర్చర్ మూసేకొద్దీ అంచు కిరణాలు తెగిపోయి, ఫోకస్ కెమెరా నుంచి దూరంగా జరుగుతుంది. ఎఫ్/0.95 దగ్గర సరిచూసుకున్న లెన్సు ఎఫ్/2 దగ్గర కంటికి వెనక ఫోకస్ చేయడానికి కారణం ఇదే. లైవ్ వ్యూ ఉంటే, తీయబోయే అపర్చర్ దగ్గరే ఫోకస్ చేయాలి. తెరిచి ఫోకస్ చేసి తరువాత మూయకూడదు.

ఫిలిం ముందు గాజు లేదు, సెన్సర్ ముందు ఉంది. ఎం9లో అది సుమారు 0.8 మి.మీ. మందం, మిగతా కంపెనీల మిర్రర్‌లెస్ బాడీల్లో చాలావరకు ఇంకా మందం. ఎఫ్/0.95 అంచు కిరణాలు సెన్సర్ మీద దాదాపు 32 డిగ్రీల వాలుగా పడతాయి. 0.8 మి.మీ. గాజులోంచి వచ్చేసరికి అవి మధ్య కిరణాల కన్నా 0.05 మి.మీ. వెనక కలుస్తాయి. ఎఫ్/2లో ఈ తేడా 0.01 మాత్రమే. పైన చెప్పిన 0.014 హద్దుతో పోల్చి చూస్తే, ఫిలిం మీద ఈ లెన్సు చూపిన బొమ్మా సెన్సర్ మీది బొమ్మా అచ్చంగా ఒకటి కాకపోవడంలో వింత లేదు. అంత వాలుగా వచ్చే వెలుగును పిక్సెళ్లు పూర్తిగా పట్టుకోవు కూడా. మీటరు చెప్పిన దానికన్నా, బొమ్మలోని వెలుగు పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్‌నే నమ్మాలి.

ఎండలో సంగతి వేరు. నడి ఎండకు ఎఫ్/16, ఐఎస్‌ఓ 200 దగ్గర సెకనులో 200వ వంతు చాలు. ఎఫ్/0.95కు తెరిస్తే అది 57,000వ వంతు కావాలి. ఎం240 షట్టర్ 4000వ వంతు దగ్గర ఆగిపోతుంది. దాదాపు 3.8 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెండింతలు) ఎక్కువ, కాబట్టి వెలుగును 8 రెట్లు తగ్గించే ఫిల్టర్ ఎన్‌డీ8 చాలదు, 72 మి.మీ. ఎన్‌డీ16 కావాలి. ఎం11లో ఎలక్ట్రానిక్ షట్టర్ 16,000వ వంతు దాకా పోతుంది, ఐఎస్‌ఓ 64తో కలిపితే ఫిల్టర్ లేకుండానే దాదాపు గట్టెక్కవచ్చు. ఎండలో ఆకుల అంచులకు, క్రోమ్ మెరుపులకు ఊదా అంచు వస్తుంది. రా ఫైలులో (సెన్సర్ ఇచ్చిన సమాచారం మార్చకుండా ఉండే ఫైలు) తీయండి, తరువాత తగ్గించుకోవచ్చు.

పాత లెన్సు కొనేముందు చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేసి చూడాలి. ఆ కాలపు కెనాన్ లెన్సుల్లో అపర్చర్ చుట్టుపక్కల గాజుల మీద నూనె ఆవిరి పేరుకుని పొగలా కనిపించడం మామూలే. ఆ పొర కొత్తదైతే తుడిస్తే పోతుంది. ఏళ్లుగా ఉండి గాజునే తినేస్తే పోదు, ధర ఆ మేరకు తగ్గించి అడగాలి. పొగ పట్టిన లెన్సు మసకను ‘డ్రీమ్’ అని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఎఫ్/2.8 దగ్గర కూడా మసక పోకపోతే అది విపథనం కాదు, మురికే. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్నాల్లో ఉండేవాళ్లు దీన్ని తోలు సంచిలో దాచకూడదు, ఫంగస్ పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి, తేమ 40–50 శాతం మధ్య ఉంచితే చాలు. కోసిన అంచున్న ఆ వెనక గాజు మాత్రం ఎప్పుడూ లోతైన మూత కిందే ఉండాలి.