రంగం రేవులో జరిగిన గొడవ

పిల్లలూ, ఆశీస్సులు.

విశాఖలో బర్మా క్యాంపుకి ఆ పేరెలా వచ్చిందని అడిగారు కదా. అది చెప్పాలంటే బర్మా, అంటే ఇప్పటి మయన్మార్‌కి, అప్పటి ముఖ్య పట్టణం రంగూన్ దాకా వెళ్ళాలి. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో దాన్ని రంగం అనేవారు.

ఇంగ్లీషువాళ్ళు మూడు యుద్ధాలు చేసి, 1886లో బర్మాని మొత్తంగా ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిపేశారు. అక్కడి బియ్యం ఎగుమతికి చవగ్గా కూలీలు కావాలి. మేస్త్రీలు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల్లో తిరిగి, అడ్వాన్సులిచ్చి మనవాళ్ళని ఓడలెక్కించారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. తమ ముఖ్య పట్టణంలోనే బర్మావాళ్ళు తక్కువైపోయారు. వాళ్ళకి కడుపు మండదా మరి?

1930 మే నెలలో రేవులో మూటలు మోసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలని పనిలోకి దించాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి రాగానే, ఆ బర్మావాళ్ళని ఇక అక్కర్లేదు పొమ్మన్నాయి. మే 26న వాళ్ళకీ వీళ్ళకీ రేవులోనే కొట్లాట మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఇద్దరినీ వాడుకున్నది కంపెనీలే. కానీ బర్మా కూలీకి ఎదురుగా కనిపించింది తనలాగే చొక్కా లేని తెలుగువాడు. దొర ఆఫీసులో ఉన్నాడు.

ఈ చీలిక రేవుతో ఆగలేదు. ఇంగ్లీషువాళ్ళు సైన్యంలోకి ఎక్కువగా కరెన్, కచిన్, చిన్ అనే చిన్న తెగలవాళ్ళని తీసుకుని, అక్కడ ఎక్కువమంది అయిన బర్మన్లని దూరం పెట్టారు. శాసనసభలో భారతీయులకీ కరెన్లకీ వేరే సీట్లు పెట్టారు. ఎవడు ఏ జాతివాడో చెప్పుకుంటే తప్ప ఓటు కూడా లేనట్టు తయారైంది.

1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ వచ్చారు. దారిలో పోయినవాళ్ళకి లెక్క లేదు. 1962లో బర్మా సైన్యమే గద్దెనెక్కి, దుకాణాలూ వ్యాపారాలూ లాక్కోవడంతో మరి కొన్ని లక్షలమంది వెళ్ళగొట్టినట్టే తిరిగొచ్చారు. మన బర్మా క్యాంపులూ, బర్మా కాలనీలూ అలా వచ్చినవాళ్ళవే.

అన్నిటికీ ఇంగ్లీషువాళ్ళనే అంటే ఒప్పుకోను. 1948లో బర్మాకి స్వతంత్రం వచ్చింది. ఆ తరవాత చేసినవి బర్మా సొంత పాలకులు చేసినవే. 1982లో పౌరసత్వ చట్టం తెచ్చి, 1823కి ముందు నుంచీ ఆ గడ్డ మీద ఉన్న తెగలవాళ్ళే అసలైన పౌరులన్నారు. ఆ ఏడాదే ఎందుకు? మొదటి ఇంగ్లీషు యుద్ధం 1824లో మొదలైంది కాబట్టి. ఆ చట్టం దెబ్బ అందరికన్నా, బర్మా పడమటి వైపు అరకాన్‌లో ఉండే ముస్లింలైన రోహింగ్యాలకే గట్టిగా తగిలింది. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కి పారిపోయారు.

అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య