సిరిమాను మోత ఫోనులో ఎందుకు తెగిపోయింది?

విజయనగరంలో అమ్మ ఉండే ఇల్లు మూడు లాంతర్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ముందుగదిలో టీవీ పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద స్పీకరు ఉన్న ల్యాండ్‌లైన్ ఫోను. దసరా వెళ్లాక మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే చివరన పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు మా వీధంతా డప్పుల మోతే. ఒక ఏడాది అమెరికాలో ఉన్న చెల్లి సరిగ్గా ఆ వేళకు ఫోను చేసింది. "అమ్మా, స్పీకరు నొక్కి కిటికీ తెరిచి పెట్టు, డప్పులు వినాలని ఉంది" అంది. అమ్మ అలాగే చేసింది. కానీ చెల్లికి వినిపించింది మోత కాదు, మోత ముక్కలు. ఒక దెబ్బ, కాస్త నిశ్శబ్దం, అమ్మ మాటలో సగం, మళ్లీ నిశ్శబ్దం. లైను బాగోలేదనుకుని ఇద్దరూ నిరాశపడ్డారు.

లైను బాగానే ఉంది. ఆ మోతను తుంచింది స్పీకరు ఫోనే. అలా తుంచకపోతే అది అసలు పనిచేయలేదు.

రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు దాని మైకు మన పెదవులకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. స్పీకరు నొక్కి కుర్చీలో కూర్చుంటే బల్ల మీది మైకు కనీసం 50 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. దూరం 10 రెట్లు పెరిగితే మైకుకు అందే ధ్వని శక్తి 100 వంతులలో ఒక వంతుకు పడిపోతుంది. అందుకే స్పీకరు వాడేటప్పుడు ఫోను తన మైకును చాలా సున్నితంగా మార్చుకోవాలి. అటునుంచి వచ్చే మాట గదంతా వినిపించాలి కాబట్టి శబ్దాన్నీ బాగా పెంచాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే ప్లాస్టిక్ పెట్టెలో గట్టిగా మాట్లాడే స్పీకరు, దాని పక్కనే చీమ చిటుక్కుమన్నా వినే మైకు. స్పీకరులోంచి వచ్చిన చెల్లి గొంతు మైకులోకి దూరి, తీగ వెంట తిరిగి చెల్లికే ప్రతిధ్వనిగా చేరుతుంది. అటువైపు కూడా స్పీకరు ఫోనే ఉంటే ఆ శబ్దం మళ్లీ ఇటు వస్తుంది. తిరిగిన కొద్దీ పెరిగి చివరికి కూతగా మారుతుంది. పెళ్లి పందిట్లో మైకును లౌడ్ స్పీకరు ముందుకు తెస్తే పుట్టే కీచుధ్వని కూడా ఇదే.

దీన్ని ఆపడానికి ఇంట్లో వాడే మామూలు స్పీకరు ఫోన్లు చాలా సూటి ఉపాయం పాటిస్తాయి: ఒక్కసారికి ఒక్క దారే తెరవడం. లోపలి సర్క్యూటు ఇటు మాటనూ అటు మాటనూ నిరంతరం పోల్చి చూస్తుంది. ఎటు గట్టిగా ఉంటే ఆ దారి తెరిచి రెండో దారిని దాదాపు మూసేస్తుంది. మాట మారగానే దారి మారుతుంది. ఈ మార్పు సెకనులో చిన్న భాగంలోనే జరిగిపోతుంది కాబట్టి, ఇద్దరూ వంతులవారీగా మాట్లాడితే తెలియనే తెలియదు. ఒకరి మాటకు మరొకరు అడ్డుపడితే మాత్రం ఎవరిదో ఒకరిది తెగిపోతుంది.

అంతేకాదు, గదిలో ఆగకుండా వినిపించే శబ్దాన్ని ఫోను నేపథ్యంగా లెక్కవేస్తుంది. మాట పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పంకా హోరు ఒకే తీరున సాగుతుంది. ఈ తేడాను పట్టుకుని, నేపథ్యం కంటే స్పష్టంగా పైకి లేచిన శబ్దాన్నే మాటగా ఒప్పుకుంటుంది. సిరిమాను రోజున జరిగినదేమిటో ఇప్పుడు చెప్పవచ్చు. ఎడతెగని మోతను ఫోను నేపథ్యంలో వేసేసింది. దాన్ని మించి లేవలేని అమ్మ గొంతు కూడా అందులో కలిసిపోయింది. చెల్లి "ఏమీ వినిపించడం లేదు" అన్న ప్రతిసారీ దారి ఆమె వైపు తిరిగి, వినిపిస్తున్న ఆ కాస్త డప్పు కూడా ఆగిపోయింది.

రెండు దారులనూ తెరిచి ఉంచే పద్ధతి ఒకటి ఉంది. స్పీకరులోంచి ఏ శబ్దం వెళ్లిందో ఫోనుకు ముందే తెలుసు కదా. అది గది గోడలకు తగిలి మైకులోకి ఏ రూపంలో తిరిగి వస్తుందో అంచనా కట్టి, మైకు విన్నదానిలోంచి ఆ అంచనాను తీసివేస్తే మిగిలేది గదిలోని మనిషి మాటే. అంచనాలో ఎంత తప్పు మిగిలిందో చూసి ఫోను తనను తాను సరిదిద్దుకుంటూ ఉంటుంది. దూరపు టెలిఫోను లైన్లలో ప్రతిధ్వనిని తొలగించడానికి ఇలా తనను తాను సవరించుకునే సాధనం మీద అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన భారతీయుడు మన్ మోహన్ సోంధీ 1967లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో పునాదిరాళ్లలో ఒకటి. ఇప్పుడు మొబైల్ ఫోనులో స్పీకరు నొక్కి ఇద్దరం ఒకేసారి మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆ ఆలోచన వల్లే. అంత గణితం క్షణక్షణం చేయాలంటే దానికి తగిన చిప్ కావాలి. చవకైన తీగ ఫోన్లలో అది ఉండదు.

ఇది తెలిశాక అమ్మ ఫోను బల్లను టీవీ పక్కనుంచి జరిపాను. గది మూల కూడా పనికిరాదు. మూలలో రెండు గోడలూ శబ్దాన్ని మైకు మీదికే తిప్పి పంపుతాయి. ఉత్త సిమెంటు గోడలు, గచ్చు నేల ఉన్న గదిలో మాట నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మందపాటి కర్టెను, పరుపు ఉన్న మంచం దాన్ని బాగా తగ్గిస్తాయి. ఫోను కింద మడతపెట్టిన తువ్వాలు వేస్తే బల్ల చెక్క ద్వారా మైకుకు చేరే అదురు తగ్గుతుంది. అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది, ఎవరూ ఊహించనిది, స్పీకరు శబ్దాన్ని తగ్గించడం. మన గదిలో స్పీకరు ఎంత గట్టిగా మోగితే ఫోను మన మైకును అంత గట్టిగా మూయాల్సి వస్తుంది. మనకు వినిపించేది కాస్త తగ్గిస్తే ఎదుటివారికి మనం బాగా వినిపిస్తాం.

ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన ఊరు కాబట్టి శ్రుతి సంగతి చెప్పకుండా ఉండలేను. పాత టెలిఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోస్తుంది. మగవారి గొంతు మూల స్వరం సుమారు 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే నాన్న గొంతులోని మూల స్వరం ఫోనులో అసలు ప్రయాణించదు. దానికి మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఐదు రెట్లుగా ఉండే పై స్వరాలు మాత్రమే వెళ్తాయి. వాటి మధ్య ఎడం చూసి లేని మూల స్వరాన్ని మన మెదడే కల్పించుకుని, "నాన్న" అని గుర్తుపడుతుంది. నాకు టెలిఫోనులో అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే. పెద్ద డోలు గంభీరనాదం కూడా ఇలాగే వడపోతలో పోతుంది. పుల్లతో కొట్టే డప్పు చిటుకు మాత్రం దాటుతుంది.

మిగిలిన బటన్ల సంగతి త్వరగా చెబుతాను. మ్యూట్ మన మైకును మాత్రమే ఆపుతుంది. అటువారి మాట మనకు వినిపిస్తూనే ఉంటుంది. వంటింట్లో కుక్కరు కూత వేసేటప్పుడు అది నొక్కితే, ఫోను ఆ కూతను మాటగా పొరబడి దారి మార్చుకోదు. ఫ్లాష్ లైనును క్షణకాలం తెంచి కలుపుతుంది. అలా తెగడాన్ని ఎక్స్ఛేంజి ఒక సంకేతంగా తీసుకుంటుంది. ప్రతి అంకె బటనూ రెండు స్వరాలను కలిపి పంపుతుంది, 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్. ఫోను పక్కనున్న మీట పల్స్ వైపు, అంటే అంకెలను లైను తెంపులుగా పంపే పాత పద్ధతి వైపు ఉంటే ఈ స్వరాలు వెళ్లవు. బ్యాంకు యంత్రం "1 నొక్కండి" అని ఎన్నిసార్లు చెప్పినా మన నొక్కుడు దానికి చేరదు. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు 0 కలపాలన్న నియమం 2021 జనవరి 15 నుంచి అమలులో ఉంది. మెమరీ బటన్లలో అంతకు ముందు దాచుకున్న నంబర్లను మళ్లీ ఎక్కించుకోవాలి.

విద్యుత్తు విషయం మాత్రం నిదానంగా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. కరెంటు లేని అలాంటి రోజుల్లో రాగి తీగ విలువ తెలుస్తుంది. ఎక్స్ఛేంజి తన బ్యాటరీల నుంచి 48 వోల్టులను ఆ తీగలోనే పంపుతుంది. తీగ తెగకుండా ఉంటే చాలు, ఇంట్లో చీకటిగా ఉన్నా ఫోను పలుకుతుంది. అయితే ఫోను ఎత్తగానే ఆ 48 వోల్టులు 10 లోపుకు పడిపోతాయి, అందే కరెంటు కొన్ని పదుల మిల్లీయాంపియర్లే. తీగ నుంచే శక్తి తీసుకునే స్పీకరుకు దక్కేది ఒక వాట్‌లో చిన్న భాగం. ఎక్స్ఛేంజికి దూరమైన పల్లెల్లో పొడవాటి తీగ నిరోధం దాన్ని ఇంకా తగ్గిస్తుంది. అక్కడ స్పీకరు నీరసంగా పలికితే ఫోనును తప్పుపట్టకండి, రిసీవరు ఎత్తండి. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్ తీసుకున్న ఇళ్లలో ఈ రక్షణ లేదు. గోడకు బిగించిన పెట్టెకు ఇంటి కరెంటే ఆధారం. దానికి బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోకపోతే కరెంటుతో పాటు ఫోనూ పోతుంది. సముద్రం అంచున ఉండే మన జిల్లాల వారు తుపాను కాలానికి ముందే ఆ ఏర్పాటు చేసుకోవాలి.

మరుసటి ఏడాది సిరిమాను నాడు చెల్లి మళ్లీ ఫోను చేసింది. ఈసారి అమ్మ స్పీకరు నొక్కలేదు. చుట్టల తీగను సాగదీసి రిసీవరును కిటికీ ఊచల దగ్గరకు పట్టుకెళ్లి బయటికి చూపింది. రిసీవరు మైకుకు ఆ దారి మార్పిడి లేదు, విన్నదంతా పంపేస్తుంది. కాసేపటికి రిసీవరు చెవికి ఆనించుకుంటే అటునుంచి మాట రాలేదు. "ఉన్నావా?" అంది అమ్మ. "ఉన్నానమ్మా, వింటున్నాను. కిటికీ దగ్గరే పెట్టు" అంది చెల్లి.