వ్యక్తిత్వ రుగ్మత ఉన్న ముద్దాయికి కోర్టు ఏం చేయగలదు?

నెల్లూరులోనో ఒంగోలులోనో మేజిస్ట్రేటు కోర్టు ఆవరణను కొంతకాలం గమనించినవారికి ఒక తరహా ముద్దాయి తప్పక ఎదురవుతాడు. కొట్లాట కేసులో బెయిలు దొరికిన కొద్ది నెలలకే మరో కొట్లాట కేసులో బోనెక్కుతాడు. చిన్న మాటకే భగ్గుమంటాడు. తనకు జామీను నిలిచిన మేనమామతోనే తగవు పెట్టుకుంటాడు. వాయిదా ఎగ్గొట్టి వారెంటు తెచ్చుకుంటాడు. ఇలాంటివారందరికీ జబ్బు అంటగట్టడం తప్పు. అయితే కొందరిలో ఈ తీరు చిన్న వయసు నుంచే వేళ్లూని, ఇంటా బయటా ప్రతి సంబంధాన్నీ చెడగొడుతూ వస్తుంది. మనోవైద్యులు దీన్నే వ్యక్తిత్వ రుగ్మత అంటారు. 12 దేశాల జైళ్లలో జరిగిన 62 సర్వేలను కలిపి 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పురుష ఖైదీలలో సుమారు 65 శాతం మందికి ఏదో ఒక వ్యక్తిత్వ రుగ్మత ఉంది. అవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల లెక్కలు కాబట్టి మన జైళ్లకు యథాతథంగా వర్తించవు.

భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మతి స్థిమితం లేక, చేస్తున్న పని స్వభావం గాని అది తప్పని గాని తెలియని స్థితిలో ఉన్నవారికే మినహాయింపు ఇస్తుంది. వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవారికి సాధారణంగా ఆ ఎరుక ఉంటుంది గనుక బాధ్యత తప్పదు, తప్పకూడదు కూడా. కానీ నేరం రుజువయ్యాక ఆ మనిషిని ఏం చేయాలన్నది వేరే ప్రశ్న.

ఇలాంటివాళ్లు ఎన్నటికీ మారరన్న నమ్మకం నిజం కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లీనహాన్ బృందం 1991లో ప్రచురించిన పరిశోధనలో, భావోద్వేగాలు తీవ్రంగా ఊగిసలాడే బోర్డర్‌లైన్ రుగ్మతతో పదే పదే తమకు తామే హాని చేసుకునే మహిళలకు ఏడాదిపాటు క్రమబద్ధమైన మానసిక చికిత్స అందిస్తే, మామూలు చికిత్స పొందినవారికంటే ఆ ప్రయత్నాలు తగ్గాయి. ఇతరుల హక్కులను, చట్టాన్ని లెక్కచేయని సంఘవ్యతిరేక వ్యక్తిత్వం విషయంలో మాత్రం ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి. ఫలించిన చికిత్సల్లో సాధారణంగా కనిపించేవి ముందే చెప్పిన స్పష్టమైన నియమాలు, ఓపిక, నెలల తరబడి తెగని సంబంధం. ఈ మూడింటినీ నిలబెట్టే అధికారం కోర్టుకు ఉంది.

దోషిని జైలుకు పంపకుండా షరతులతో విడిచిపెట్టే 1958 నాటి ప్రొబేషన్ చట్టమే ఇందుకు దారి చూపుతుంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలు కాకపోతే, పరిస్థితులను బట్టి మూడేళ్లకు మించని సత్ప్రవర్తన బాండుపై విడుదల చేయవచ్చు. కనీసం ఏడాదిపాటు ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు. మత్తు మానడం వంటి షరతులు పెట్టవచ్చు. ఆ షరతులను కోర్టే ముద్దాయికి వివరించాలని కూడా చట్టం చెబుతుంది. ఈ మాటకు విలువ ఎక్కువ. “సత్ప్రవర్తనతో మెలగవలెను” అని రాస్తే, ప్రతి మాటలోనూ అవమానం వెతుక్కునే మనిషికి ఏమీ అర్థం కాదు. “ప్రతి సోమవారం పది గంటలకు సర్కారు ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లి, చీటీపై సంతకం చేయించుకుని, నెలాఖరున ప్రొబేషన్ అధికారికి ఇవ్వాలి, బస్సు తప్పితే అదే రోజు ఫోను చేయాలి” అని రాసి, చదివి వినిపిస్తే అర్థమవుతుంది. మొదటిసారి షరతు తప్పితే బాండును కొనసాగిస్తూనే యాభై రూపాయలకు మించని జరిమానా వేయడానికి ఆ చట్టంలోనే వీలుంది. చిన్న తప్పుకు చిన్న పర్యవసానం, అదీ వెంటనే. చికిత్స తెగిపోకుండా కాపాడేది ఇదే. ఇంట్లోవారినే కొట్టే మనిషి విషయంలో మాత్రం బాధితుల మాట వినకుండా, వారి రక్షణ చూడకుండా విడుదల చేయడం అన్యాయం.

నెల్లూరు జిల్లాలో మరో జాగ్రత్త కూడా అవసరం. పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన నేరస్థ తెగల చట్టం కింద, కావలి దగ్గర ఎరుకలవారిని మిషనరీలు నడిపిన నిఘా శిబిరమైన సెటిల్‌మెంటులో ఉంచారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గాని ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. అందుకే వ్యక్తిత్వ రుగ్మత అన్న మాట పోలీసు రికార్డులోకి మచ్చగా ఎక్కకూడదు, మనోవైద్యుడు స్వయంగా పరీక్షించకుండా కేసు కాగితాల్లోకే రాకూడదు. ప్రొబేషన్ అధికారి నివేదికలో ఆ పేరుకంటే, ముద్దాయి ఏ సందర్భంలో అదుపు తప్పుతాడు, ఎవరి మాట వింటాడు, ఏ పనిలో కుదురుగా ఉన్నాడు అన్న వివరాలే ఉండాలి. మేజిస్ట్రేటు బదిలీ అయినా, తర్వాత వచ్చినవారు ఆ నివేదిక చదివి అదే షరతును అక్కడి నుంచే కొనసాగించగలుగుతారు.