బొమ్మలు ఇచ్చే ముందు: మా బల్ల దగ్గర వినపడే అపోహలు

విజయవాడ సత్యనారాయణపురంలో మాదో చిన్న సెకండ్‌హ్యాండ్ షాపు. జనం ఇచ్చినవి తక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బు పిల్లల చదువులకు ఖర్చుపెడతాం. ఏడేళ్లుగా బొమ్మల బల్ల నాది. సంచి విప్పి ఒక్కోదాన్నీ నొక్కి, లాగి, చెవి దగ్గర ఊపి చూస్తాను. పనికొచ్చేవి ఒక బుట్టలోకి, రానివి ఇంకో బుట్టలోకి. రెండో బుట్టే ముందు నిండుతుంది.

అపోహ: "మా పాప మూడేళ్లు ఆడిందండీ, ఏమీ కాలేదు."

మీ పాప ఆడుతుంటే పక్కన మీరున్నారు. ఏ చక్రం వదులైందో, ఏ మూత ఊడొస్తుందో మీకు తెలుసు. ఆ సంగతి బొమ్మతోపాటు మా బల్ల దాకా రాదు. కొనుక్కున్నవాళ్ల ఇంట్లో పాకే పిల్లాడున్నాడో లేడో నాకు తెలీదు, అందుకని ఉన్నాడనుకునే చూస్తాను.

మొన్న ఒక టెడ్డీ వచ్చింది. శుభ్రంగా ఉతికి, మెడలో రిబ్బన్ కట్టి మరీ తెచ్చారు. కుడి కన్ను గట్టిగానే ఉంది. ఎడమ కన్నును గోటితో పట్టి మెలిపెడితే వెనకున్న ప్లాస్టిక్ పుల్లతో సహా ఊడి చేతికొచ్చింది. నల్లగా, నున్నగా, అచ్చం సీతాఫలం గింజలా ఉంది. పసివాడి గొంతులోకి జారిపోవడానికి ఇంకేం కావాలి? రెండు కళ్లూ తీసేసి నల్లదారంతో కుట్టాకే అమ్మకానికి పెట్టాం. మెడ రిబ్బన్ కూడా తీసేశాం. పాకే పిల్లల బొమ్మకు జానెడు మించిన తాడుగానీ రిబ్బన్‌గానీ ఉంటే మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

అపోహ: "3+ అని రాసుంటే ఏంటి? మావాడు చురుకు, రెండేళ్లకే ఆడేశాడు."

ఆ అంకెను చాలామంది తెలివితేటలకు కొలత అనుకుంటారు. చాలా బొమ్మల మీద అది గొంతుకు కొలత. భద్రతా పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. ఏ ముక్కైనా నొక్కకుండా అందులో పూర్తిగా పట్టేస్తే, అది మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. పాత కెమెరా ఫిల్మ్ రీలు డబ్బా దాదాపు అంతే ఉంటుంది, ఇంట్లో దొరికితే దాంతో చూడండి. అట్టపెట్టె పారేసినా ఆ వయసు రాసిన ముక్క కత్తిరించి బొమ్మతో పంపితే నాకు సగం పని తగ్గుతుంది.

అపోహ: "బ్యాటరీ అయిపోయింది, ఇంక ప్రమాదమేముంది?"

నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. బొత్తాంలా ఉండే గుండ్రటి బ్యాటరీ బొమ్మను ఆడించలేకపోయినా, అన్నవాహికను కాల్చేంత కరెంటు అందులో మిగిలే ఉంటుంది. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, తడి తగిలి, చుట్టూ క్షారం పుట్టిస్తుంది. రెండు గంటల్లోనే లోతుగా కాలిపోవచ్చు. పిల్లాడు మింగాడని అనుమానమొచ్చినా వాంతి చేయించొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. బ్యాటరీ మూతకు స్క్రూ ఉంటేనే మేం తీసుకుంటాం. స్క్రూ పోయి టేపు అతికించినవి నేరుగా రెండో బుట్టలోకే. చిన్న అయస్కాంతాలూ అంతే. రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో ఇరికించి ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

అపోహ: "ఐఎస్‌ఐ మార్కుంది కదా!"

14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఈ మార్కు తప్పనిసరి. కొత్త బొమ్మకు అది లేకపోతే నేను అనుమానిస్తాను. బ్రిటన్ చారిటీ షాపులవాళ్లు ఇలాగే సీఈ, యూకేసీఏ అనే భద్రతా గుర్తులు వెతుకుతారు. కానీ మార్కు చెప్పేది బొమ్మ కొత్తగా ఉన్నప్పటి సంగతి. పదిసార్లు మంచం మీంచి పడ్డ గిలక్కాయ అతుకు దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. పగులు విచ్చుకుని లోపలి పూసలు కనిపిస్తే ఆ మార్కు ఏం కాపాడుతుంది?

అపోహ: "మేడ మీద ఎండలో పడేస్తే క్రిములన్నీ చస్తాయి."

గుడ్డబొమ్మలు ఉతికి ఎండేయండి, మంచిదే. ప్లాస్టిక్‌వి మాత్రం రోహిణి కార్తె ఎండలో రోజుల తరబడి వదిలేస్తే పెళుసెక్కి, పడగానే అంచులు కత్తుల్లా పగులుతాయి. సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెడితే చాలు. నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మల్ని ఎంత కడిగినా లోపలికి చెయ్యి పోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక బాతును నొక్కితే బురదనీళ్లు చిమ్మాయి. వరదలో నానిన గుడ్డబొమ్మలు ఎంత ముద్దొచ్చినా మేం తీసుకోలేదు.

పసిపిల్లల్ని కూర్చోబెట్టి నడిపించే చక్రాల వాకర్ల గురించి ఒక్క మాట. తీసుకోం. కెనడా 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది, సెకండ్‌హ్యాండ్‌వి కూడా.

అపోహ: "మీరు తీసుకోకపోతే భోగి మంటలో వేస్తాం."

ప్లాస్టిక్ పొగ పీల్చేది మళ్లీ ఆ పిల్లలే. బ్యాటరీ బొమ్మలైతే ఈ-వేస్ట్ కిందికే వస్తాయి, మంటలోకి కాదు. ఓసారి భోగి ముందురోజు ఒకాయన "ఎలాగూ కాల్చేసేవే" అంటూ సంచి బల్ల మీద పెట్టి వెళ్లాడు. అడుగున కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది, తొండం చివర కాస్త విరిగింది. చేతివృత్తులవాళ్లు చేసే, జీఐ (ఫలానా ఊరిదని భౌగోళిక గుర్తింపు) ఉన్న ఇలాంటి బొమ్మలకు ఐఎస్‌ఐ నుంచి మినహాయింపుంది గానీ, రంగు పెచ్చులూడే బొమ్మను నోట్లో పెట్టుకునే పిల్లలకివ్వను. "కొలువుకు మాత్రమే" అని చీటీ కట్టి పై అరలో పెట్టాను. దసరాకు ఒక మామ్మగారు తొండానికి పసుపు రాయించుకుని మరీ పట్టుకెళ్లారు.