డీప్ స్లీప్ 22 నిమిషాలేనా? వాచీ నిద్ర గ్రాఫ్ మీద అపోహలు – వాస్తవాలు

పొద్దున మొహం కూడా కడుక్కోకముందే ఫోన్ తెరిచి, రాత్రి నిద్రకు స్మార్ట్‌వాచీ ఎన్ని మార్కులిచ్చిందో చూసుకోవడం విశాఖలో ఇప్పుడు మామూలైపోయింది. స్లీప్ స్టడీకి, అంటే రాత్రంతా చేసే నిద్ర పరీక్షకు, వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో స్క్రీన్‌షాట్లుంటాయి. వాటిలో పనికొచ్చే సమాచారం లేకపోలేదు. అయితే అది వాళ్లు వేలు పెట్టి చూపించే చోట ఉండదు.

అపోహ: వాచీ నిద్ర దశలను కొలుస్తుంది.

కొలవదు, ఊహిస్తుంది. నిద్ర దశ అన్నది మెదడు తరంగాలకు సంబంధించిన సంగతి. ల్యాబ్‌లో తల మీద ఆ తరంగాలను పట్టే ఈఈజీ ఎలక్ట్రోడ్లు, కళ్ల పక్కన రెండు, కండరాల బిగువు తెలియడానికి గడ్డం దగ్గర మరికొన్ని అతికిస్తారు. రాత్రంతా వచ్చిన రికార్డును 30 సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఎన్1, ఎన్2 (తేలిక నిద్ర), ఎన్3 (గాఢనిద్ర, వాచీ భాషలో డీప్), రెమ్ (కలలు ఎక్కువగా వచ్చే దశ), మెలకువ అని గుర్తు పెడతారు. అంత చేసినా, శిక్షణ పొందిన ఇద్దరు టెక్నీషియన్లు ఒకే రికార్డు చూస్తే సుమారు 80 శాతం ముక్కల దగ్గరే ఏకాభిప్రాయం కుదురుతుంది.

మణికట్టు దగ్గర ఇవేవీ దొరకవు. వాచీకి ప్రధానంగా దొరికేవి రెండు: చెయ్యి కదలిక, చర్మం మీద పచ్చలైటు వేసి లెక్కపెట్టే నాడి. నాడి నిదానంగా, సమంగా కొట్టుకుంటూ చెయ్యి కదలకపోతే ‘డీప్’ అంటుంది. చెయ్యి కదలకుండా నాడి, ఊపిరి మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే ‘రెమ్’. మిగిలిందంతా ‘లైట్’, అంటే ఎన్1, ఎన్2 కలిపిన మూట. ఏ కంపెనీ లెక్క దానిదే. యాప్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి డీప్ పెరగడమో తగ్గడమో జరిగితే, మారింది మీ నిద్ర కాకపోవచ్చు.

కాబట్టి నాడిని మార్చేది ఏదైనా గ్రాఫ్‌లో దశను మార్చేయగలదు, మెదడులో నిద్ర అలాగే ఉన్నా సరే. బీపీకో గుండెదడకో మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు నాడి నెమ్మదిస్తుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉండి గుండెకు వెళ్లే నరాలు దెబ్బతిన్నవాళ్లకు నాడిలో సహజమైన హెచ్చుతగ్గులు తగ్గిపోతాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్నా, మధ్యమధ్యలో అదనపు బీట్లు పడుతున్నా లయ తప్పుతుంది, వాచీ దాన్ని రెమ్ అనో మెలకువ అనో రాసుకోవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దశల పేజీ తెరవకపోవడమే మంచిది. రాత్రి పదిన్నరకు బిర్యానీ తిని పదకొండుకు పడుకున్నా, జ్వరం ఉన్నా, మద్యం తాగినా నాడి గంటల తరబడి పైనే ఉంటుంది, గ్రాఫ్‌లో డీప్ తగ్గుతుంది.

అపోహ: డీప్ రెండు గంటలు లేకపోతే జబ్బే.

పెద్దవాళ్లలో ఎన్3 వాటా మొత్తం నిద్రలో ఉజ్జాయింపుగా 13 నుంచి 23 శాతం. ఏడు గంటలు పడుకుంటే అది గంటకు కాస్త అటూఇటూ నుంచి గంటన్నర దాకా. వయసుతో పాటు తగ్గుతుంది, మగవాళ్లలో ఇంకా తొందరగా. అరవై ఐదేళ్ల పెద్దాయనకు అరగంట రావడం వింత కాదు. వాచీలు నిజమైన డీప్‌లో కొంత భాగాన్ని లైట్ ఖాతాలో వేయడం కూడా మామూలే. ఒక రాత్రి 22 నిమిషాలు, మర్నాడు 70 అని వస్తే రెండిటినీ పట్టించుకోకండి. ఇక లైట్ అంటే దండగ నిద్ర అనుకోవడం మరో పొరపాటు: ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ రాత్రిలో దాదాపు సగం ఎన్2దే.

అపోహ: డీప్ అంతా మొదట్లోనే అయిపోయి తెల్లవారుజామున సున్నా ఉంటే తేడా ఉన్నట్టే.

అలా ఉండటమే సరైనది. నిద్ర దశలు రాత్రంతా చుట్లు చుట్లుగా తిరిగి వస్తాయి; ఒక్కో చుట్టు 90 నిమిషాలు, కొంచెం ఎక్కువ. మొదటి చుట్లలో డీప్ ఎక్కువ, చివరి చుట్లలో రెమ్ ఎక్కువ. బీచ్ రోడ్డు వాకింగ్ కోసం నాలుగున్నరకు అలారం పెట్టి, రాత్రి పన్నెండుకు పడుకునేవాళ్లకు తెగిపోయేది రెమ్ భాగమే. అలారం మార్చే పని లేకపోతే ఇంకా పెందలాడే పడుకోవాలి.

అపోహ: పడుకున్న ఐదు నిమిషాలకే రెమ్ చూపించింది, నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నరాల జబ్బు) అయ్యుంటుంది.

మామూలుగా మొదటి రెమ్ గంటన్నర ప్రాంతంలో వస్తుంది. కదలకుండా పడుకుని ఆలోచిస్తున్నప్పుడు చెయ్యి నిశ్చలంగా ఉంటుంది, నాడి అటూ ఇటూ ఊగుతుంది. వాచీ దృష్టిలో అది రెమ్ లాంటిదే. ఎక్కువమంది విషయంలో జరిగేది ఇది. నార్కోలెప్సీ తేల్చడానికి రాత్రి స్లీప్ స్టడీ చేసి, మర్నాడు పగలు రెండేసి గంటల ఎడంతో ఐదు కునుకులు పరీక్షిస్తారు. సగటున 8 నిమిషాల్లోపు నిద్రపట్టడం, 15 నిమిషాల్లోపే రెమ్ రావడం కనీసం రెండుసార్లు కనిపించడం చూస్తారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోతున్నా గ్రాఫ్ ఎలా ఉన్నా సరే న్యూరాలజిస్టును కలవాలి.

రెమ్ మరీ తక్కువ చూపించేవాళ్లు ముందు మందుల చీటీ చూసుకోవాలి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు రెమ్‌ను నిజంగానే తగ్గిస్తాయి. గ్రాఫ్ చూసి వాటిని ఠక్కున ఆపేస్తే అణిగి ఉన్న రెమ్ ఒక్కసారిగా పొంగి పీడకలలు పట్టుకుంటాయి, అసలు జబ్బూ తిరగబెట్టొచ్చు. ఆపడమా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టరుతో తేల్చుకోవాలి.

అపోహ: నైట్ డ్యూటీవాళ్లకు వాచీ పనిచేయదు.

పనిచేస్తుంది, చదివే పద్ధతి వేరు. స్టీల్ ప్లాంట్ సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి ఏడున్నరకు పడుకున్నా, పరవాడ ఫార్మా నుంచో రుషికొండ ఐటీ నుంచో పొద్దున ఇల్లు చేరినా, ఒంట్లో గడియారం అప్పటికే పగటిలోకి వచ్చేసి ఉంటుంది. రెమ్ జోరుగా ఉండే వేళ తెల్లవారుజాము, పొద్దుటి పూట. అందుకే నిద్రపట్టిన కాసేపటికే రెమ్ రావడం వీళ్లలో నిజంగానే ఉంటుంది. డీప్ కూడా దాదాపు నిలబడుతుంది. మొత్తం నిద్ర మాత్రం ఐదారు గంటలకే తెగిపోతుంది, నష్టమంతా ఎన్2, రెమ్‌ల మీద పడుతుంది.

సెట్టింగుల్లోనూ చిక్కుంది. రాత్రి పదకొండు నుంచి ఆరు అని స్లీప్ షెడ్యూల్ పెట్టి వదిలేస్తే, కొన్ని వాచీలు పగటి నిద్రను ‘న్యాప్’ కింద పడేస్తాయి. కొన్ని మూడు గంటల లోపు నిద్రకు దశలే ఇవ్వవు. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం గంటన్నర పడుకునేవాళ్లు ఆ రెండింటినీ చేత్తో కూడుకోవాలి. షిఫ్టు మారినప్పుడల్లా షెడ్యూల్ మార్చండి. సీ షిఫ్టు వారాన్ని మరో సీ షిఫ్టు వారంతోనే పోల్చండి. జనరల్ డ్యూటీలో ఉన్న పక్కింటాయన గ్రాఫ్‌తో పోల్చుకుంటే మిగిలేది దిగులే.

అపోహ: గ్రాఫ్ బాగుంది కాబట్టి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లేదు.

ప్రమాదం ఉన్నది ఇక్కడే. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు మూడు సెకన్లో పది సెకన్లో ఉలిక్కిపడి మళ్లీ నిద్రలోకి జారుతుంది. ఈఈజీలో అది కనిపిస్తుంది, వాచీ కంట్లో పడదు. గంటకు ముప్పైసార్లు ఊపిరి తెగేవాళ్లకు కూడా ‘7 గంటల 10 నిమిషాలు, గుడ్’ అని రావచ్చు. స్లీప్ స్టడీలో గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. వాచీలో రక్తంలోని ఆక్సిజన్ ఒక్కసారి 82 శాతానికి పడిందని భయపడటం. చెయ్యి తల కింద పెట్టుకునో ఒంటి కింద నొక్కుకునో పడుకుంటే సెన్సర్‌కు రక్తప్రవాహం సరిగా అందదు, అంకె తప్పు వస్తుంది. ఒంటరి గుంతను వదిలేయండి. రంపం పళ్లలా గంటల తరబడి పడుతూ లేస్తూ ఉంటే, అదీ చాలా రాత్రులు ఉంటే, పల్మనాలజిస్టుకు (ఊపిరితిత్తుల డాక్టరుకు) చూపించాలి. గట్టి గురక, ఊపిరాడక లేవడం, పొద్దున తలనొప్పి, రెండు మూడు మందులకూ లొంగని బీపీ, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పడటం: వీటిలో రెండు మూడు కలిస్తే వాచీ ఏమన్నా పరీక్ష చేయించుకోండి. ఆప్నియాకు వాడే సీప్యాప్ (మాస్కుతో గాలి పంపి ఊపిరి ఆగకుండా చూసే యంత్రం) మొదలెట్టిన తొలి రాత్రుల్లో డీప్, రెమ్ అమాంతం పెరగొచ్చు. అది బాకీ తీరడం, కంగారక్కర్లేదు.

అపోహ: ఎనిమిది గంటలు చూపించింది, నిద్ర పట్టలేదన్నది భ్రమ.

కదలకుండా మేలుకుని ఉన్న సమయాన్ని వాచీలు చాలాసార్లు నిద్రగా రాసేస్తాయి. ‘హాయిగా పడుకున్నావని వాచీయే చెబుతోంది కదా’ అని ఇంట్లోవాళ్లు అనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: గ్రాఫ్‌లో ఖాళీలు వస్తే వాచీ పాడైనట్టే.

సాధారణంగా పట్టీ వదులు. విశాఖ ఉక్కపోతలో చెమటకు జారిపోతుంది. మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, జారకుండా, అచ్చు పడనంత బిగువుగా పెట్టాలి. వెనక సెన్సర్ గాజు మీద చెమట మరకలు తడిగుడ్డతో తుడవాలి. ముదురు రంగు పచ్చబొట్టు మీద పెట్టొద్దు, సిరా లైటును మింగేస్తుంది. స్నానానికి వెళ్లేటప్పుడు ఛార్జింగ్ పెడితే రాత్రి మధ్యలో ఆగదు. ఇంతా చేశాక మే నెలలో డీప్, రెమ్ తగ్గి మెలకువలు పెరిగితే మటుకు గ్రాఫ్‌ను నమ్మొచ్చు: వేడి, తేమ నిద్రను నిజంగానే తెగ్గొడతాయి. రెమ్‌లో ఒంటికి వేడిని సర్దుకునే శక్తి తగ్గడం ఒక కారణం. నడిరాత్రి రెండు గంటలకు కరెంటు పోయిన రోజును లెక్కలోంచి తీసేయండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు 14 రోజుల లెక్క తీసుకెళ్లండి. పడుకున్న టైము, లేచిన టైము, మొత్తం నిద్ర, రాత్రి కనిష్ఠ నాడి: ఇవి వాచీ నుంచి. పడుకున్నాక నిద్రపట్టడానికి ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు లేచారు, చివరి కాఫీ ఎప్పుడు, ఏ షిఫ్టు, ఏ మందులు: ఇవి మీ చేతిరాతలో. వీలైతే పక్కన పడుకునేవాళ్లు మీ గురకను ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేస్తే మరీ మంచిది. స్లీప్ స్కోరు రాయనక్కర్లేదు.